కేబుల్ కేసుల్లో కనపడని కక్షిదారు

సాయంత్రం సీరియల్ మధ్యలో చానల్ పోతే విజయవాడ సత్యనారాయణపురంలో అయినా, గుంటూరు బ్రాడీపేటలో అయినా జరిగేది ఒకటే. ముందు సెటాప్ బాక్స్ ఆపి మళ్లీ వేస్తారు. తర్వాత వెనక వైరు కదిలిస్తారు. అప్పటికీ రాకపోతే కేబుల్ అతనికి ఫోన్ చేస్తారు. ‘ఇక్కడ ప్రాబ్లం కాదండీ, పైనుంచే రావట్లేదు’ అంటాడు. ఆ ‘పైన’ ఎవరున్నారని ఎవరూ అడగరు. అతనూ చెప్పడు. తరచి చూస్తే చాలాసార్లు ఆ పైన ఉన్నది తెగిన వైరు కాదు, తెగని కేసు.

పెద్ద కేబుల్ కంపెనీని ఈ వ్యాపారంలో ఎంఎస్‌వో అంటారు. పూర్తి పేరు మల్టీ సిస్టం ఆపరేటర్. చానళ్ల యజమానుల దగ్గర సిగ్నల్ తీసుకుని, హెడ్‌ఎండ్ అనే తన కేంద్రంలో అన్నిటినీ కలిపి, ఫైబర్ మీద ఊళ్లకు పంపుతుంది. అక్కడి నుంచి కరెంటు స్తంభాల మీదుగా, డాబాల మీదుగా వైరు లాగి ఇంటికి ఇచ్చేది లోకల్ ఆపరేటర్. నెల మొదటి వారంలో వచ్చి డబ్బు తీసుకునేదీ అతనే. సిగ్నల్ పైనుంచి కిందికి వస్తుంది, డబ్బు కిందినుంచి పైకి పోతుంది. కంపెనీ ఈ రెంటికీ నడుమ కూర్చుంది. చానళ్లకు అది బాకీదారు, ఆపరేటర్‌కు అప్పులాడు. ఆపరేటర్ తన కష్టం కంపెనీకి చెప్పుకోవడం రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకోవడమే. మద్దెలకు రెండు పక్కలా దెబ్బలు.

ఆ దెబ్బల చప్పుడు ఎక్కువగా వినిపించేది ఢిల్లీలో. 1997 నాటి ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) చట్టాన్ని 2000లో సవరించి టీడీశాట్ అనే ట్రిబ్యునల్ పెట్టారు. మొదట్లో అది టెలిఫోన్ కంపెనీల తగాదాల కోసమే. 2004 జనవరిలో కేంద్రం ప్రసార, కేబుల్ సేవలను కూడా టెలికాం సేవల లెక్కలోకి తేవడంతో కేబుల్ గొడవలన్నీ అక్కడికి చేరాయి. ట్రిబ్యునల్ చూడాల్సిన తగాదాను సివిల్ కోర్టు ముట్టుకోకూడదు. ట్రిబ్యునల్ తీర్పు నచ్చకపోతే అప్పీలు సుప్రీంకోర్టుకు వెళ్లాలి. అంటే విజయవాడ సింగ్ నగర్‌లో మూడొందల కనెక్షన్లున్న ఆపరేటర్‌కు కంపెనీతో పేచీ వస్తే గవర్నర్‌పేటలో ప్లీడరును పెట్టుకుంటే పని కాదు, ఢిల్లీలో వకీలును వెతుక్కోవాలి. ఆన్‌లైన్ విచారణలు వచ్చాక రైలు ఖర్చు కొంత తగ్గింది కానీ ఫీజు తగ్గలేదు.

ఈ కేసుల్లో ఎక్కువ భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. ఎన్ని ఇళ్లున్నాయి? వినడానికి ఇంత చిన్న ప్రశ్నకు ముప్పై ఏళ్లుగా అందరూ ఒప్పుకున్న జవాబు లేదు. పాత అనలాగ్ రోజుల్లో ఆపరేటర్ దగ్గర అయిదొందల ఇళ్లుంటే కంపెనీకి రెండొందలు చెప్పేవాడు, కంపెనీ చానల్‌కు ఇంకా తగ్గించి చెప్పేది. తక్కువ చెబుతారని తెలుసు కాబట్టి చానల్ రేటు పెంచి అడిగేది. రేటు ఎక్కువ కాబట్టి వీళ్లు లెక్క ఇంకా తగ్గించేవారు. ఇది దొంగతనమా, బేరమా అంటే రెంటికీ మధ్యలో ఉండే ఏదో ఒక అలవాటు.

బాక్సులు తెచ్చింది ఈ అలవాటు మాన్పించడానికే. 1995 నాటి కేబుల్ చట్టానికి 2011లో చేసిన సవరణతో దేశం నాలుగు దశల్లో డిజిటల్‌కు మారింది. నాలుగు మహానగరాలు 2012లో, హైదరాబాద్, విశాఖపట్నం ఉన్న 38 నగరాల జాబితా 2013 మార్చికి. విజయవాడ, గుంటూరు మూడో దశలో పడ్డాయి. దాని గడువు 2015 డిసెంబరు 31. ఆ గడువు మీద కూడా పలు రాష్ట్రాల హైకోర్టుల్లో కేసులు పడ్డాయి. బాక్స్ వచ్చాక ప్రతి ఇంటికీ ఒక నంబరు, ప్రతి చానల్‌కూ ఒక తాళం. కంప్యూటర్‌లో మీట నొక్కితే ఎన్ని ఇళ్లు ఏ చానల్ చూస్తున్నాయో తెలిసిపోవాలి.

తెలిసింది కూడా. తగాదా మాత్రం పోలేదు, ఇళ్ల లెక్క నుంచి కంప్యూటర్ లెక్కకు మారింది. ఏ బాక్స్‌కు ఏ చానల్ తెరవాలో చూసే వ్యవస్థ ఒకటి, ఎవరికి ఎంత బిల్లు వేయాలో చూసేది ఇంకొకటి. ఈ రెండింటి అంకెలూ కలవాలి. కలవనప్పుడు చానల్ ఆడిట్ అడుగుతుంది. 2017 నియమాల ప్రకారం కంపెనీయే ఏటా తన ఖర్చుతో ఆడిట్ చేయించి నివేదిక చానళ్లకు ఇవ్వాలి. అది నమ్మకపోతే చానల్ సొంతంగా ఆడిట్ చేయించుకోవచ్చు. అక్కడ తేడా బయటపడితే ట్రిబ్యునల్‌కు బాకీ కేసు వెళుతుంది. ఈలోగా ‘మీ కేబుల్ నెట్‌వర్క్ బాకీ పడినందున మా చానళ్లు నిలిపివేయబడును’ అని తెర కింద స్క్రోలింగ్ మొదలవుతుంది. సిగ్నల్ కోయాలంటే ముందుగా మూడు వారాల నోటీసు ఇవ్వాలన్నది నిబంధన. ఇంట్లో వాళ్లకు కూడా పదిహేను రోజుల ముందు తెలియాలి. ఆ స్క్రోలింగ్ అందుకే. చదివేవాళ్లు తక్కువ, చదివినా బాకీ తాము పడ్డామేమోనని టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ.

ధర మీద కేసులైతే ఇంకా పెద్దవి. 2017 మార్చిలో ట్రాయ్ కొత్త టారిఫ్ ఇచ్చింది. ప్రతి చానల్‌కు విడిగా ధర ప్రకటించాలి, చూసేవాళ్లు ఏరుకోవాలి, వైరు రుసుము మొదటి వంద చానళ్లకు 130 రూపాయలు దాటకూడదు. 18 శాతం జీఎస్‌టీ కలిపితే 153 రూపాయల 40 పైసలు. 2019 మొదట్లో ఈ అంకె పేటల్లో చాలామందికి నోటికి వచ్చేసింది. అప్పటికే స్టార్ దీన్ని కోర్టులో సవాలు చేసి ఉంది. చానల్‌లో వచ్చేది తమ కాపీరైటు సొత్తు, దాని ధర చెప్పడానికి ట్రాయ్ ఎవరని వాదించింది. 2018 అక్టోబరు 30న సుప్రీంకోర్టు ఆ వాదన తోసిపుచ్చింది. 2020 జనవరి 1న ట్రాయ్ నియమాలు మార్చితే చానళ్లు ఈసారి బాంబే హైకోర్టుకు వెళ్లాయి. 2021 జూన్ 30న అక్కడా ట్రాయ్ మాటే చాలావరకు నిలిచింది.

2022 నవంబరులో ట్రాయ్ మరోసారి సవరణ చేసి, 19 రూపాయల వరకు ధర ఉన్న చానల్‌ను ప్యాక్‌లో పెట్టుకోవచ్చని చానళ్లకు వెసులుబాటు ఇచ్చింది. ఈసారి కోర్టుకు వెళ్లింది కేబుల్ కంపెనీలు. బిల్లు పెరిగితే జనం మా గుమ్మంలోనే తిడతారన్నది వాళ్ల బాధ. కంపెనీల సంఘం కేరళ హైకోర్టులో పిటిషన్ వేసింది, కొత్త ఒప్పందాల మీద సంతకాలు చేయలేదు. 2023 ఫిబ్రవరిలో స్టార్, జీ, సోనీ సంతకం పెట్టని నెట్‌వర్కులకు సిగ్నల్ ఆపేశాయి. నాలుగున్నర కోట్ల ఇళ్లకు చానళ్లు పోయాయని సంఘం చెప్పింది. కొద్ది రోజుల్లోనే కంపెనీలు సంతకాలు పెట్టాయి, చానళ్లు తిరిగొచ్చాయి. కోర్టులో వాయిదాకు వాయిదా ఉంటుంది. ఆగిన సీరియల్‌కు వాయిదా లేదు. ఈ వ్యాపారంలో బలం ఎవరిదో ఆ వారంలో తేలిపోయింది. 2024 జులైలో ట్రాయ్ ఆ 130 రూపాయల పరిమితి కూడా తీసేసింది. కంపెనీ ఎంత అడుగుతుందో ఇక దాని ఇష్టం.

కింది వైపు కేసులకు ఇంత ప్రచారం ఉండదు. వాటి మూలం ఇంకో ప్రశ్న. ఆ ఇంటి కనెక్షన్ ఎవరిది? గుంటూరు కొత్తపేటలో పాతికేళ్ల కింద డాబాలెక్కి వైరు లాగిన ఆపరేటర్‌ను అడిగితే సందేహం లేకుండా ‘నాది’ అంటాడు. ఆపరేటర్లు తమ ఏరియా అమ్ముకునేటప్పుడు కనెక్షన్‌కు ఇంతని లెక్కగట్టుకోవడం ఈ వ్యాపారంలో అందరికీ తెలిసిందే. కంపెనీని అడిగితే బాక్స్ మాది, అందులో కార్డు మాది, సిగ్నల్ మాది, కనెక్షన్ మాత్రం మీదెలా అవుతుందంటుంది. ఒప్పందం కుదరని చోట వైరు రుసుములో కంపెనీకి 55, ఆపరేటర్‌కు 45 శాతమని నియమావళి చెబుతుంది. రుసుము 130 రూపాయలనుకుంటే 71.50 కంపెనీకి, 58.50 ఆపరేటర్‌కు. స్తంభం ఎక్కేవాడికి తక్కువ వాటా ఏమిటన్నది ఆపరేటర్ల పాత ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో న్యాయం లేకపోలేదు. కానీ పాత లెక్కల్లో ఎన్నో ఇళ్లను జేబులో వేసుకున్నదీ వాళ్లే.

ఆపరేటర్ ఒక కంపెనీని వదిలి రెండో కంపెనీకి మారినప్పుడు ఈ ప్రశ్న పంచాయితీగా మారుతుంది. పాత కంపెనీ రెండు పద్దులు బయటికి తీస్తుంది. చెల్లించని బాకీ ఒకటి, వెనక్కి ఇవ్వని బాక్సులు రెండోది. ఆపరేటరేమో ఆ బాక్సులకు ఇళ్లవాళ్లు ఎప్పుడో డబ్బు కట్టేశారు, వెనక్కి అడగడానికి మీరెవరంటాడు. కట్టింది కొనుగోలు ధరా, డిపాజిట్టా, యాక్టివేషన్ ఛార్జీయా అన్నది రసీదు చూస్తే గానీ తేలదు, ఆ రసీదు ఎవరి దగ్గరా ఉండదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ ఇళ్లలో నీళ్లు నిలిచినప్పుడు ఇదే చిక్కు ఇంకో రూపంలో కనిపించింది. మునిగిపోయిన టీవీ ఇంటివాళ్లదని అందరికీ తెలుసు. దాని పక్కనే మునిగిన బాక్స్ ఎవరిది? అద్దెకిచ్చింది అయితే ఒక సమాధానం, అమ్మింది అయితే ఇంకొకటి. కాగితం లేకపోతే కొత్త బాక్స్‌కు డబ్బు కట్టమని ఎవరు ముందు గట్టిగా అంటే వాళ్లదే సమాధానం.

స్తంభాల అద్దె గొడవ కూడా ఒకటుంది. కరెంటు సంస్థ అడిగితే కంపెనీ ఆపరేటర్ వైపు, ఆపరేటర్ కంపెనీ వైపు చూడటం దాని సారాంశం.

తెలుగు నేల మీద కేబుల్ కేసులకు మరో ప్రత్యేకత ఉంది. ఇక్కడ చానల్ పోవడానికి బాకీ అక్కర్లేదు, ఎన్నికల ఫలితం చాలు. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ కేబుల్‌లో రావడం ఆగిపోయాయి. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారాక టీవీ5, ఏబీఎన్ వంతు వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్‌నెట్ మీద అవి టీడీశాట్‌కు వెళ్లి పునరుద్ధరణ ఉత్తర్వులు తెచ్చుకున్నాయి. 2024 జూన్‌లో మళ్లీ ప్రభుత్వం మారాక టీవీ9, ఎన్‌టీవీ, సాక్షి వంటివి పోయాయి. టీవీ9 ప్రసారం పునరుద్ధరించాలని ఢిల్లీ హైకోర్టు 15 ఎంఎస్‌వోలను ఆదేశించింది. ఏ జెండా ఎగిరినా పద్ధతి అదే, పోయే చానళ్ల పేర్లే మారతాయి. కోర్టులో కంపెనీలు తమ మీద ఒత్తిడి ఉందని చెప్పవు. సాంకేతిక కారణాలు, గిరాకీ లేకపోవడం, ఒప్పందం గడువు లాంటివి చెబుతాయి. ఎవరో ఫోన్ చేశారనడానికి కాగితం మీద సాక్ష్యం ఉండదు కాబట్టి కేసు మొత్తం ఒప్పందం చుట్టూనే నడుస్తుంది. ఉత్తర్వు వచ్చేసరికి వేడి చల్లారుతుంది.

ఇలాంటి ఆపివేతను వేరే చట్టంతో కొట్టిన కేసు పంజాబ్‌ది. అక్కడి ఫాస్ట్‌వే గ్రూపు చేతిలో పంజాబ్, చండీగఢ్ కేబుల్ కనెక్షన్లలో 85 శాతం ఉన్నాయని తేల్చి, ఒక వార్తా చానల్‌కు దారి మూసేసినందుకు కాంపిటీషన్ కమిషన్ 2012లో ఎనిమిది కోట్లకు పైగా జరిమానా వేసింది. అప్పీలేట్ ట్రిబ్యునల్ దాన్ని కొట్టేసింది. 2018 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఆసక్తికరంగా వచ్చింది. చానల్‌ను మార్కెట్‌కు రానీయకపోవడం ఆధిపత్య దుర్వినియోగమేనంది, అయితే చానల్‌కు ఆదరణ తక్కువన్న కారణం సమంజసమేనంటూ జరిమానా మాత్రం నిలబెట్టలేదు. ఆ తీర్పులో మొదటి సగం చానళ్లకు, రెండో సగం కంపెనీలకు ఉపయోగపడుతుంది.

కేసులన్నిటికీ ఒకేసారి తాళం వేయగలిగిన కేసు ఇంకొకటి ఉంది. అది దివాలా కేసు. దేశంలోని పెద్ద కేబుల్ కంపెనీల్లో ఒకటైన సిటీ నెట్‌వర్క్స్ సుమారు 148 కోట్ల రూపాయలు ఎగవేసిందని ఇండస్‌ఇండ్ బ్యాంకు ఫిర్యాదు చేయగా, ముంబైలోని కంపెనీ లా ట్రిబ్యునల్ 2023 ఫిబ్రవరి 22న ఆ కంపెనీని దివాలా ప్రక్రియలోకి తీసుకుంది. ఆ అప్పుకు హామీ ఇచ్చినందుకు అదే రోజు జీ ఎంటర్‌టైన్‌మెంట్ మీద కూడా అలాంటి ఉత్తర్వే వచ్చింది. జీ వెంటనే స్టే తెచ్చుకుని తర్వాత బ్యాంకుతో రాజీపడింది. సిటీకి కూడా మార్చిలో స్టే దొరికింది కానీ ఆగస్టులో అప్పీలు వీగిపోయింది.

దివాలా మొదలైన రోజు నుంచి మారటోరియం అమలవుతుంది. ఆ కంపెనీ మీద కొత్త కేసు వేయకూడదు, పాతవి ముందుకు నడవవు. బాకీ రావాల్సిన చానల్ అయినా, డిపాజిట్ ఇచ్చిన ఆపరేటర్ అయినా కోర్టు గుమ్మం వదిలి, దివాలా వ్యవహారం చూసే రిజల్యూషన్ ప్రొఫెషనల్ దగ్గర క్లెయిమ్ ఫారం నింపి వరసలో నిలబడాలి. ఆ వరసలో ముందుండేది బ్యాంకులు. కంపెనీకి రావాల్సిన బాకీల మీద కేసులు మాత్రం కంపెనీ వేసుకోవచ్చు. ఆపరేటర్ కంపెనీకి లక్ష బాకీ, కంపెనీ ఆపరేటర్‌కు లక్ష బాకీ అయితే మామూలు పేటలో ‘చెల్లుకు చెల్లు’ అంటారు. దివాలాలో ఆ మాట అంత తేలిగ్గా చెల్లదు.

మిగతా కేసుల్లో పన్నుది పెద్ద పద్దే కానీ కథ చిన్నది. జీఎస్‌టీకి ముందు కేంద్రం సేవా పన్ను, రాష్ట్రాలు వినోద పన్నో విలాస పన్నో వేసేవి. ఒకే కనెక్షన్‌కు రెండు పన్నులేమిటని కంపెనీలు ఏళ్లపాటు పోరాడాయి. కేరళ కేబుల్ కంపెనీ ఏషియానెట్ కేసులో 2025 మే 22న సుప్రీంకోర్టు రెండూ చెల్లుతాయంది. సిగ్నల్ పంపడం సేవ, ఇంట్లో చూసేది వినోదం, రెండూ వేర్వేరు అంశాలన్నది తర్కం. కాపీరైటు కేసుల్లో అయితే కేబుల్ వాళ్లది చరిత్రే. పేరు తెలియని ముద్దాయిల మీద ముందుగానే ఉత్తర్వు ఇచ్చే పద్ధతి మన దేశంలో మొదలైంది 2002 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌ను లైసెన్సు లేకుండా చూపిస్తున్న కేబుల్ ఆపరేటర్ల మీద ఢిల్లీ హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతోనే. ఇవాళ సినిమా విడుదల ముందు వెబ్‌సైట్ల మీద తెచ్చుకునే ఉత్తర్వులకు తాత అది. లోకల్ చానల్‌లో మధ్యాహ్నం కొత్త సినిమా వేసేయడం ఊళ్లో చాలా ఏళ్లు ముచ్చటగానే ఉండేది, నిర్మాతలకు తప్ప.

ఇంతవరకు చెప్పిన కేసుల్లో చానల్ ఉంది, కంపెనీ ఉంది, ఆపరేటర్, బ్యాంకు, ప్రభుత్వం అందరూ ఉన్నారు. నెలనెలా డబ్బు కట్టేవాళ్లు ఎక్కడా లేరు. చట్టం వాళ్లను మరిచిపోలేదు. ట్రాయ్ చట్టంలోనే, ఒక్కొక్క వినియోగదారుడి ఫిర్యాదు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చని ప్రత్యేకంగా రాశారు. వినియోగదారులు గుంపుగా వస్తే టీడీశాట్ తలుపు కూడా తెరిచే ఉంది. అయినా ఎవరూ రారు. నెలకు మూడొందల బిల్లులో నాలుగు రోజుల ప్రసారం పోతే నష్టం నలభై రూపాయలు. నలభై రూపాయల కోసం కమిషన్ మెట్లెక్కే మనిషిని ఇంట్లో వాళ్లే ఆపేస్తారు.

ఈ నలభైలన్నిటినీ ఒకచోట పోగేసే పద్ధతి అమెరికాలో ఉంది. ఫిలడెల్ఫియా ప్రాంతంలో పోటీ లేకుండా చేసి బిల్లులు పెంచిందంటూ కామ్‌కాస్ట్ మీద అక్కడి ఇరవై లక్షల మంది చందాదారుల తరఫున 2003లో దావా పడింది. దాదాపు 87.5 కోట్ల డాలర్ల నష్టమని లెక్క కట్టారు. 2013 మార్చి 27న అక్కడి సుప్రీంకోర్టు అయిదుగురు నలుగురుగా చీలి, నష్టాన్ని కట్టిన విధానం వాళ్ల ఆరోపణకు సరిపోలేదంటూ అంతమందినీ ఒకే కేసులో కలపడానికి ఒప్పుకోలేదు. అంటే అక్కడా గెలుపు తేలిక కాదు. కానీ కంపెనీ పదేళ్లు కోర్టుకు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. మన 2019 వినియోగదారుల చట్టంలోనూ ఒకే బాధ ఉన్న అందరి తరఫున కొందరు, కమిషన్ అనుమతితో ఫిర్యాదు చేసే వీలుంది. అపార్ట్‌మెంట్ సంఘాలు లిఫ్టు కోసం, నీళ్ల కోసం కలిసినంత సులువుగా కేబుల్ కోసం కలవవు, అంతే. చిరాకు వచ్చిన వాళ్లు కేసు వేయరు, కనెక్షన్ తీయించి ఫోన్‌లో చూసుకుంటారు. కంపెనీకి నిజంగా భయమైనది ఇదే కావచ్చు.

ఒక్కరే వెళ్లాలనుకున్నా దారి ఉంది. విజయవాడ, గుంటూరు రెండు చోట్లా జిల్లా కమిషన్లున్నాయి. అయిదు లక్షల లోపు విషయానికి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, కారణం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. అంతకుముందు 1915 హెల్ప్‌లైన్‌కు చెబితే కొన్ని అక్కడే తేలిపోతాయి. అసలు చిక్కు ఎదుటి పక్షం పేరు రాసే గడి దగ్గర వస్తుంది. ఆపరేటర్ ఒక్కడి పేరు రాస్తే ‘పైనుంచే రాలేదు’ అని జవాబు దాఖలు చేస్తాడు. కంపెనీ ఒక్కదాని పేరు రాస్తే, ఈయన మా చందాదారు అనడానికి ఆధారం ఏదంటుంది. ఇద్దరి పేర్లూ రాయాలి. రాయాలంటే కంపెనీ పేరు తెలియాలి. బాక్స్ మీద స్టిక్కర్ ఉంటుంది కానీ, ఆపరేటర్ ఈమధ్య రెండుసార్లు కంపెనీ మారి ఉంటే ఆ పేరు పాత కంపెనీది. నోటీసు వెళ్లి, అలాంటి చందాదారు ఎవరూ లేరని తిరిగొస్తుంది. బాక్స్ అడుగున ఉండే కార్డు నంబరు, ఫోన్ పేలో కట్టిన నెలల చిట్టా, కనెక్షన్ తీసుకున్నప్పుడు సంతకం పెట్టిన దరఖాస్తు నకలు, ఈ మూడూ ఉన్న ఇల్లు పేటకు ఒకటుంటే ఎక్కువ.